గడ్డి రేక్‌కు కొత్త పళ్ళు: కొనేముందు చూడవలసినవి
(వార్షిక సర్వసభ్య సమావేశంలో యంత్రాల ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



ఇప్పుడే చదివిన జమాఖర్చులో "రేక్ పళ్ళు" అని ఒక చిన్న పద్దు విన్నారు. ఆ పద్దు గురించే నాలుగు మాటలు చెప్పదలిచాం.

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచిన రోజుల్లో ఈ చుట్టుపక్కల బర్రెలు మేయడానికి బీళ్ళు ఉండేవి. ఇప్పుడు గోపన్‌పల్లి, నల్లగండ్ల వైపు పాడి చేసుకునే అక్కలు గడ్డి కొనాల్సిందే. అటు శంకర్‌పల్లి, మొయినాబాద్, చేవెళ్ల వైపు వరిని హార్వెస్టర్‌తో కోయిస్తున్నారు. మడిలో పరుచుకుపోయిన గడ్డిని మన రేక్ వరసలుగా పోగుచేస్తే, వెనక బేలర్ కట్టలు కడుతుంది. ఆ కట్టలే ఇటు వస్తున్నాయి.

నిరుడు యాసంగి గడ్డిలో ఒక కట్ట విప్పుతుంటే మన సభ్యురాలికి జానెడు ఇనుప ముక్క దొరికింది. అది రేక్ పన్ను. ఆమె కంటపడింది కాబట్టి సరిపోయింది. అదే గడ్డి కత్తిరించే మిషన్‌లో పడితే కత్తి విరుగుతుంది, ఆ పెచ్చులు మేతలో కలుస్తాయి. బర్రె మేకలా ఏరుకొని తినదు, మేతతో పాటు ఇనుమునూ మింగేస్తుంది. మొనదేలిన ముక్క రెండో పొట్టలో ఆగుతుంది. ఆ పొట్టకూ గుండెకూ మధ్య ఉన్నది పలుచని పొర ఒక్కటే. పొట్ట కదిలినప్పుడల్లా ముక్క ముందుకు గుచ్చుకుంటుంది. బర్రె మేత మానేస్తుంది, పాలు తగ్గుతాయి, చివరికి ప్రాణమే పోవచ్చు. అందుకే పన్ను కొనేటప్పుడు ధర ఒక్కటే చూస్తే చాలదు.

మొదటిది, పాత పన్ను వెంట తీసుకుపోవాలి. అరిగినదీ విరిగినదీ కాదు, రేక్ మీద ఇంకా సాఫుగా ఉన్నది విప్పుకొని పోవాలి. రాణిగంజ్‌లో అయినా, ట్రాక్టర్ సామాను అమ్మే ఏ అంగడిలో అయినా రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. పొడవు, చివర వంపు, స్ప్రింగ్ చుట్టలు ఎన్ని, బోల్టు పట్టే చోటు – అన్నీ కలవాలి.

రెండోది, తీగ మందం. కంటికి ఒకేలా కనబడుతుంది, వెర్నియర్‌తో కొలిపించండి. 9 మిల్లీమీటర్ల తీగ ఉండాల్సిన చోట 8 వేస్తే, ఒక్క మిల్లీమీటరే కదా అనిపిస్తుంది. కానీ పన్ను బిగువు మూడో వంతుకు పైగా తగ్గిపోతుంది. తడి గడ్డి తగిలితే వెనక్కి వాలిపోతుంది.

మూడోది, చుట్టు తిరిగిన వైపు. గడ్డి బరువు పడినప్పుడు స్ప్రింగ్ బిగుసుకోవాలి, విచ్చుకోకూడదు. ఎడమ పన్ను కుడివైపు వేస్తే పని చేస్తున్నట్టే ఉంటుంది, కొన్నాళ్ళకు చుట్ట దగ్గర విరుగుతుంది.

నాలుగోది, ఉక్కు. ఒక పన్నును వైస్‌లో బిగించి కొంచెం వంచి వదలమనండి. మంచి స్ప్రింగ్ ఉక్కు ఎక్కడిదక్కడికి వస్తుంది. మామూలు ఇనుము వంగినచోటే ఉండిపోతుంది. ఈ కారణంగానే వంగిన పన్నును కొలిమిలో కాల్చి సాపు చేయించవద్దు, విరిగినదానికి వెల్డింగ్ పెట్టించవద్దు. కాలిస్తే ఉక్కు పదును పోతుంది. వెల్డింగ్ చేస్తే అతుకు పక్కనే మళ్ళీ విరుగుతుంది. అప్పుడు పడేది కట్టలోనే.

బిగించేటప్పుడు ఒకే చేతి మీద పాత పొట్టి పళ్ళూ కొత్త పొడుగు పళ్ళూ కలపవద్దు. బరువంతా కొత్తదాని మీదే పడుతుంది. ఆ చేతికి సెట్టు మొత్తం మార్చి, పాతవాటిలో బాగున్నవి ఇంకో చేతికి వాడుకోవచ్చు. గంట పని అయ్యాక నట్లు మరోసారి బిగించాలి. పళ్ళ మొనలు వరి కొయ్యల మీద నడవాలి, మట్టిని గీరకూడదు. గీరితే పన్నూ అరుగుతుంది, కట్టలో మట్టీ చేరుతుంది. స్ప్రింగ్ చుట్టల్లోంచి ఒక ఇనుప తాడు దూర్చి కట్టుకుంటే, విరిగిన పన్ను కిందపడకుండా వేలాడుతుంది.

ఇక మీ ముందు పెడుతున్న తీర్మానం. రేక్ మడిలో దిగేముందు ఒకసారి, బయటికి వచ్చాక ఒకసారి పళ్ళు లెక్కపెట్టి పుస్తకంలో రాయాలి. ఒక్కటి తగ్గినా, అది దొరికేదాకా బేలర్ ఆ మడిలో దిగకూడదు. డ్రైవర్ తొందరపెట్టినా, మబ్బు పట్టినా ఇదే పద్ధతి. వెతకడానికి తాడు కట్టిన అయస్కాంతం ఒకటి, ఒక చేతికి సరిపడా కొత్త పళ్ళు ఎప్పుడూ బండిలో ఉండాలి. వాటి ఖర్చు రేక్ కిరాయి నుంచే తీయాలని మా ప్రతిపాదన.

పొలం ఉన్నవాళ్ళు, బర్రెలు ఉన్నవాళ్ళు ఇద్దరూ ఈ సభలోనే ఉన్నారు. ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తండి. అడగవలసింది ఉంటే ఇప్పుడే అడగండి, తెచ్చిన పళ్ళు బల్ల మీద పెట్టాం, పట్టుకొని చూడండి.