సందేహానికి ఆధారం ఉండాలి

  

సెషన్స్ జడ్జిగా పనిచేసినంతకాలం ఒక దిగులు నన్ను వదల్లేదు. అత్యాచారం కేసు క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఎప్పుడూ అవే ప్రశ్నలు: ఎందుకు అరవలేదు, ఒంటిమీద గాయాలేవి, స్టేషన్‌కు రెండు రోజులు ఆగి ఎందుకు వెళ్లావు. ఒకసారి బోనెక్కిన అమ్మాయి, "అయ్యా, పక్కనే నా చంటిబిడ్డ నిద్రపోతోంది. లేస్తే దాన్నేం చేస్తాడోనని అరవలేదు" అంది. ఆ మాట ఉన్నదున్నట్టు డిపోజిషన్‌లో రాయించాను. అడిగిన వకీలుకు ఆ తర్వాత ప్రశ్న దొరకలేదు.

గాయాల గురించిన ఇదే ఆలోచనతో 1978లో సుప్రీంకోర్టు తుకారాం కేసులో ఇద్దరు పోలీసులను నిర్దోషులుగా వదిలేసింది. స్టేషన్‌లోనే తనపై అత్యాచారం జరిగిందన్న గిరిజన బాలిక ఒంటిమీద గాయాలు లేవు, ప్రతిఘటించిన గుర్తులు లేవు, అదే కారణం. మరుసటి ఏడాది నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ఆ తీర్పును తప్పుబడుతూ ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్ వారిలో ఉన్నారు. ఇవాళ పట్టాలందుకుంటున్న మీకు పాఠాలు చెప్పినవారి లాంటివాళ్లే. చివరికి 1983లో చట్టం మారింది. పోలీసు కస్టడీ వంటి చోట్ల సంభోగం రుజువై, సమ్మతించలేదని ఆమె కోర్టులో చెబితే, సమ్మతి లేదనే కోర్టు భావించాలి. 1996లో గుర్మీత్ సింగ్ తీర్పు, ఆమె మాట నమ్మదగ్గదైతే ఆ ఒక్క సాక్ష్యంతోనే శిక్ష వేయవచ్చంది. శారీరకంగా ఎదిరించనంత మాత్రాన సమ్మతించినట్టు కాదని 2013 సవరణ స్పష్టం చేసింది.

అయితే రుజువు స్థాయి మాత్రం తగ్గలేదు, తగ్గకూడదు కూడా. ముద్దాయి నిర్దోషి అన్న భావనతోనే విచారణ మొదలవుతుంది. 2012లో రాయ్ సందీప్ కేసులో సాక్ష్యం నిలకడగా లేదని సుప్రీంకోర్టే నిందితులను వదిలిపెట్టింది. అదీ న్యాయమే. మారాల్సింది మనం సందేహాన్ని వెతికే చోటు. మెడికల్ రిపోర్టులో వెతకండి, వాంగ్మూలాల మధ్య తేడాల్లో వెతకండి. ఆడపిల్ల నడవడిలో వెతకకండి. సమ్మతి రుజువు కోసం ఆమె గతాన్ని తవ్వే ప్రశ్నలను చట్టమే నిషేధించింది. అయినా అడుగుతూనే ఉన్నారు, పక్కనున్న ప్రాసిక్యూటర్ అభ్యంతరం చెప్పకుండా కూర్చుంటున్నాడు. చదువుకున్న పిల్లలు, ఇంత చిన్న పని చేయలేరా మీరు? లేచి నిలబడి అభ్యంతరం చెప్పడానికి ఏం అడ్డొస్తుంది?

కేసు డైరీని కోర్టు వరండాలో మొదటిసారి తిరగేసే ప్రాసిక్యూటర్లను చూశాను. సాక్షి ముఖం కూడా అప్పుడే చూస్తారు. ఆమె బెదిరిపోయి తడబడితే, ఆ తడబాటే ముద్దాయికి అనుకూలమైన సందేహమవుతుంది. అలా వీగిపోయిన కేసుల్లో ఓడింది చట్టం కాదు, మన బద్ధకం.

మీలో ప్రాసిక్యూటర్లయ్యేవాళ్లను ఒక్కటే కోరుతున్నాను. సాక్షిని వాయిదాకు ముందే కలవండి. ఏం చెప్పాలో నేర్పడానికి కాదు. గదిలో ఎవరెవరుంటారో, ఎవరేం అడుగుతారో చెప్పడానికి. డిఫెన్స్ వైపు వెళ్లేవాళ్లు ముద్దాయి కోసం గట్టిగా పోరాడండి, చట్టం వద్దన్న ప్రశ్న మాత్రం వేయకండి.