రోజు టికెట్ కొనాలా, వద్దా?



పట్నం చూడాలని ఎవరికి ఉండదు? చార్మినార్ పేరు విననివారు లేరు. దగ్గరగా చూసినవారు మాత్రం ఊళ్లలో తక్కువే. పోవాలంటే ఒకరోజు కూలి పోతుంది. పైన ఖర్చు.

హైదరాబాదు సిటీ బస్సుల్లో 'టి-24' అనే టికెట్ ఉంది. కండక్టరే ఇస్తాడు. ఒకసారి కొంటే 24 గంటలు సిటీ బస్సులు ఎన్నిసార్లైనా ఎక్కవచ్చు, దిగవచ్చు. ఈ మాట వినగానే "ఇదేదో బాగుందే" అనిపిస్తుంది. బాగుందో లేదో లెక్క వేసి చూడాలి.

మహబూబ్‌నగర్ దగ్గరి పల్లె నుంచి ఒక కుటుంబం వచ్చింది అనుకోండి. భర్త, భార్య, అత్తమ్మ, పదేళ్ల కొడుకు. పత్తి ఏరిన డబ్బులో దాచుకున్నది తెచ్చారు. ఊరి బస్సు ఖర్చు పక్కన పెడితే చేతిలో 600 రూపాయలు. పొద్దున 9 గంటలకు మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లో దిగారు.

"రోజు టికెట్ తీసుకుందామా? ఎన్నిసార్లైనా ఎక్కచ్చట" అన్నాడు భర్త.

"ముందు ఎన్ని బస్సులు ఎక్కుతమో లెక్కవెయ్యయ్యా" అన్నది భార్య. సంచిలోంచి పెన్సిలు తీసింది. పాత క్యాలెండర్ కాగితం వెనక రాయసాగింది.

మొదట, టికెట్ ఎవరికి కావాలి? తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలైంది. ఆ రాష్ట్రపు ఆడవారికి ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ సిటీ బస్సుల్లో టికెట్ డబ్బు లేదు. గుర్తింపు కార్డు చూపితే సున్నా టికెట్ ఇస్తారు. కనుక భార్యకు, అత్తమ్మకు పాస్ అవసరమే లేదు. (కర్నూలు నుంచి వచ్చిన ఆడవారు మాత్రం టికెట్ కొనాలి. వారికి 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్ బస్సుల్లో స్త్రీశక్తి పథకం ఉంది. అది ఇక్కడ చెల్లదు.) 2023లో నలుగురికి కలిపి 300 రూపాయల కుటుంబ టికెట్ కూడా ఉండేది. 2024 జనవరి 1 నుంచి దాన్ని ఆపేశారు.

మిగిలింది భర్త, కొడుకు. కొడుకుకు అర టికెట్.

ఇక ధర. 2023లో టి-24 ధర 100 నుంచి 90కి తగ్గించారు. ధరలు ఇలా మారుతూనే ఉంటాయి. ఎక్కేముందు అడగాలి. లెక్క కోసం పాస్ 100, ఒక్కో బస్సుకు 20 అనుకుందాం. 100ను 20తో భాగిస్తే 5. అంటే 5 బస్సులు ఎక్కితే సరికి సరి. ఆరోది ఎక్కితేనే లాభం.

బస్ స్టేషన్ నుంచి సాలార్‌జంగ్ మ్యూజియం నడక దూరమే. అక్కడి నుంచి చార్మినార్‌కు కూడా నడవవచ్చు. మక్కా మసీదు, లాడ్ బజారు దాని పక్కనే. ఇంతవరకు ఒక్క బస్సు లేదు! గోల్కొండ మాత్రం దూరం. మెహదీపట్నంలో బస్సు మారితే రెండు బస్సులు. తిరిగి రావడానికి రెండు. మొత్తం 4. భర్తకు 80, కొడుకుకు 40. పాస్ కొంటే భర్త లెక్కలోనే 20 రూపాయలు నష్టం.

"బిర్లా మందిరం కూడా పోదాం. అప్పుడు ఆరు బస్సులైతయి" అన్నాడు భర్త.

అత్తమ్మ మోకాళ్లు పట్టుకుని కూర్చుంది. గోల్కొండ మెట్లు ఎక్కి దిగితేనే సగం పూట పోతుంది. కింద ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్‌లో వినిపిస్తుంది. పిల్లవాడు దాన్ని పదిసార్లు కొట్టి చూడాలంటాడు. కొట్టనివ్వాలి కదా! పాస్ కొన్నాం కదా అని పిల్లను, ముసలమ్మను బస్సుల వెంట పరుగెత్తిస్తే ఏమి చూసినట్టు?

ఇంకో సంగతి. పాస్ బస్సుకే. గేటు దగ్గర చెల్లదు. చార్మినార్, గోల్కొండ టికెట్లను 2018లో 25 రూపాయలు చేశారు. 15 ఏళ్లలోపు పిల్లలకు లేదు. ముగ్గురు పెద్దలకు రెండు చోట్లా కలిపి 150. మ్యూజియం టికెట్ వేరే. బస్సుల కన్నా గేట్ల ఖర్చే ఎక్కువ. ఆమె కాగితం మీద దాన్ని గుండ్రంగా చుట్టింది. శుక్రవారం సాలార్‌జంగ్ మ్యూజియం మూసి ఉంటుంది. ఆ రోజు పోతే నడక దండుగ.

ఆ కుటుంబం పాస్ కొనలేదు.

అందరూ కొనవద్దని కాదు. ఒంటరిగా వచ్చి ఆసుపత్రికి, ఆఫీసుకు, బంధువుల ఇంటికి తిరిగే మగవారికి అది పనికొస్తుంది. రాత్రి ఉండేవారికి మరీ మంచిది. సాయంత్రం 4కు కొంటే మర్నాడు 4 వరకు నడుస్తుంది. కొన్న వెంటనే కాగితం మీద తేదీ, గంట చదువుకోవాలి. అడిగినప్పుడు అదే చూపించాలి. చెమటకు తడవకుండా పై జేబులో పెట్టుకోవాలి.