నైలు నదిలో తెడ్డు వేసిన రోజు

ఏటా ఈ సభలో యుద్ధాల గురించి, పింఛన్ల గురించి మాట్లాడుకుంటూ ఉంటాం. ఈసారి కార్యదర్శిగారు "సుబేదార్ గారూ, మీరు ఆఫ్రికాలో పడవెక్కిన సంగతి చెప్పండి, పిల్లలు కూడా వస్తున్నారు" అన్నారు. చూసింది చూసినట్టు చెబుతాను.

నేను మద్రాస్ సాపర్స్ మనిషిని. 2008లో కాంగోలో ఐక్యరాజ్యసమితి శాంతిదళంలో ఉన్నాను. దానిని అప్పుడు మోనుక్ అనేవారు, 2010 నుంచి మోనుస్కో అయింది. మన బ్రిగేడ్ గోమా పట్టణంలో ఉండేది. ఆ ఏడాది ఫిబ్రవరిలో నాలుగు రోజులు సెలవు దొరికితే మేము నలుగురం విమానంలో ఉగాండాలోని ఎంటెబీకి చేరి, అక్కడి నుంచి కంపాలా మీదుగా జింజాకు వెళ్లాము. నాతో ఒక పంజాబీ హవల్దారు, ఒక మలయాళీ నర్సింగ్ అసిస్టెంటు, మన శ్రీకాకుళం నాయక్ ఒకడు. కంపాలా నుంచి జింజా ఎనభై కిలోమీటర్లు ఉంటుంది.

విక్టోరియా సరస్సు నుంచి నైలు నది బయటికొచ్చే చోటే జింజా. 1862లో స్పీక్ అనే ఇంగ్లీషు సైనికాధికారి అక్కడి జలపాతాన్ని చూసి దానికి రిపన్ అని పేరు పెట్టాడు. మేము వెళ్లేసరికి ఆ జలపాతం లేదు. 1954లో పూర్తయిన ఓవెన్ ఫాల్స్ ఆనకట్టతో అది నీళ్లలో కలిసిపోయింది. మనకు తెలియవలసిన సంగతి ఇంకోటి ఉంది. 1948లో గాంధీగారి చితాభస్మంలో కొంత అక్కడ కలిపారు. 1997లో మన ప్రధాని గుజ్రాల్ గారు అక్కడ గాంధీగారి విగ్రహాన్ని ఆవిష్కరించారు. ముందు అక్కడికే వెళ్లి నమస్కారం పెట్టుకొని నదిలో దిగాము.

ర్యాఫ్ట్ అంటే గాలి నింపిన మందపాటి రబ్బరు పడవ. ఆరుగురు అంచుల మీద కూర్చుని, పాదాలు అడ్డగొట్టం కిందికి దూర్చి తెడ్లు వేస్తారు. వెనక గైడ్ ఉంటాడు. మా గైడ్ బుసోగా కుర్రాడు, పాతికేళ్లుంటాయేమో. "నేను ఫార్వర్డ్ అంటే ముందుకు, బ్యాక్ అంటే వెనక్కి, గెట్ డౌన్ అంటే పడవలోకి కూలబడి తాడు పట్టుకోండి. నేను చెప్పేవరకు మీ ఇష్టానికి ఏమీ చేయవద్దు" అన్నాడు. మా హవల్దారు నవ్వి "ఈ పిల్లాడు మన ఉస్తాద్‌లా ఉన్నాడు" అన్నాడు.

ముందు నిలకడ నీటిలో పడవను కావాలని తిరగేసి మమ్మల్ని ముంచాడు. మునిగినప్పుడు ఏం చేయాలో అక్కడే నేర్పాడు. వెల్లకిలా పడుకోవాలి, పాదాలు దిగువ వైపు ఉండాలి, మోకాళ్లు కాస్త వంచాలి. ప్రవాహంలో నిలబడడానికి మాత్రం ప్రయత్నించకూడదు. కాలు రాళ్ల మధ్య ఇరుక్కుంటే నీటి వడి మనిషిని ముందుకు పడదోసి లేవనివ్వదు. తెడ్డు పైపిడిని అరచేత్తో మూసి పట్టుకోవాలి, లేకపోతే పక్కవాడి పళ్లు రాలతాయి! తెప్ప బోర్లాపడి మనం దాని కింద ఉండిపోయినా అక్కడ కొంచెం గాలి ఉంటుంది, కంగారు పడనక్కరలేదు. మిగతాది లైఫ్ జాకెట్ చూసుకుంటుంది. 2019లో గోదావరిలో కచ్చులూరు దగ్గర పడవ మునిగిందని విన్నప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది ఆ కుర్రాడు మా జాకెట్ పట్టీలు ఒక్కొక్కటీ లాగి చూసిన తీరు.

సాపర్‌గా నదిని చూస్తే నాకు అదొక అడ్డంకి. వెడల్పెంత, వడి ఎంత, ఒడ్డు ఎంత వాలు, వంతెన ఎక్కడ వేయాలి, ఇదే లెక్క. ఆ కుర్రాడి లెక్క వేరు. బండల మధ్య నీరు నునుపుగా, నాలుకలా సాగే దారి ఎక్కడుందో చూస్తాడు. బండ మీద నుంచి దూకిన నీరు వెనక్కి తిరిగే గుంట ఎక్కడ, ఒడ్డు పక్కన ఎదురుసుడి ఎక్కడ, అన్నీ దూరం నుంచే చెబుతాడు. గుంటలో పడితే పడవను పట్టేసుకుంటుంది. ఎదురుసుడిలోకి చేరితే కాస్త ఊపిరి తీసుకోవచ్చు. మా కృష్ణ ఒడ్డున పుట్టి నడిపే జాలర్లకు ఈ చదువు బాగా తెలుసు, పుస్తకంలో రాయలేదు అంతే.

మొదటి పెద్ద ఉరవడి బుజగాలి. అర కిలోమీటరు దూరం నుంచే హోరు వినబడుతుంది. శ్రీకాకుళం నాయక్ "సాబ్, వంశధార వరదప్పుడు కూడా ఇలా అరవదండి" అన్నాడు. ఆ మాట పూర్తయ్యేలోపే ముందుకొరిగి పోయాము. తెల్లటి నీటి గోడ ఎదురుగా లేచింది, గెట్ డౌన్ అని అరుపు, ఆ తరువాత ఏమీ కనబడలేదు. బయటపడ్డాక లెక్కపెడితే నలుగురమూ పడవలోనే ఉన్నాము. తరువాత వచ్చిన ఒక ఉరవడి పేరు టోటల్ గంగా అన్నారు. మన గంగమ్మ ఇంతదూరం ఎప్పుడొచ్చిందా అని నవ్వుకున్నాము, అక్కడే పడవ తిరగబడింది. నీటి కింద ఎంతసేపున్నానో చెప్పలేను, నాకైతే ఒక డ్యూటీ అంతసేపు అనిపించింది. పైకి తేలగానే చిన్న కయాక్‌లో కాపలా ఉండే కుర్రాడు వచ్చి "హోల్డ్, పాపా" అని తన పడవ ముక్కు అందించాడు.

గంగ మంచు నీళ్లు కదా, రిషికేశ్‌లో పడినవాడు వణికిపోతాడు. ఇక్కడి నీళ్లు గోరువెచ్చన. నది అంత లోతుగా ఉండడం, పెద్ద ఉరవడి దాటాక నిలకడ మడుగు ఉండడం వల్ల పడినవాళ్లు తేలికగా దొరుకుతారు. వెనక సముద్రమంత సరస్సు ఉంది కనుక ఏడాది పొడుగునా ప్రవాహం తగ్గదు. ఇటాండా అనే చోట మాత్రం పడవను భుజాన వేసుకొని ఒడ్డెంట నడిచాము. అది ఆరో తరగతి, అంటే యాత్రికులను తీసుకుపోరు.

ఆ నడకలోనే ఆ కుర్రాడు చెప్పాడు, బుజగాలి దగ్గర ఆనకట్ట పని మొదలైందని. అక్కడివాళ్లకు అది వట్టి జలపాతం కాదు, బుజగాలి అనే దేవత నివాసం. "కరెంటు వస్తుంది కదా, మంచిదే కదా" అన్నాను. "వస్తుంది. మా ఇంటికి వస్తుందో లేదో చూడాలి. నాకు ఈ నీళ్లే ఉద్యోగం" అన్నాడు. నేను ఇంకేమీ అనలేదు. మా అమ్మమ్మగారి ఊరు 1981లో శ్రీశైలం జలాశయంలో మునిగింది. సంగమేశ్వరం గుడి వేసవిలో నీళ్లు తగ్గినప్పుడు పైకి తేలితే ఆవిడ ప్రతి ఏడూ వెళ్లి తన ఊరు ఏ దిక్కున ఉండేదో వేలెత్తి చూపించేది. అదే శ్రీశైలం కరెంటుతోనే నేను చదువుకున్నాను. రెండూ నిజమే, దేన్నీ కాదనలేను.

బుజగాలి ఆనకట్ట 250 మెగావాట్లు, 2012లో ప్రారంభించారు. దానికి బదులుగా దిగువన కలగాలా జలపాతాన్ని ముట్టుకోమని ఉగాండా ప్రభుత్వం ప్రపంచ బ్యాంకుకు మాట ఇచ్చింది. తరువాత ఇసింబా వచ్చింది, 2019లో ప్రారంభమైంది, 183 మెగావాట్లు. నైల్ స్పెషల్ అనే పేరున్న అల కోసం కయాక్ ఆటగాళ్లు దేశదేశాల నుంచి వచ్చేవారు. ఆ పేరు జింజాలో తయారయ్యే బీరుది లెండి. ఆ అలను ఇసింబా జలాశయం మింగింది. ర్యాఫ్టింగ్ వాళ్లు మిగిలిన ముక్కలో నడుపుకుంటున్నారు.

హెండ్రీ కూట్సీ అనే దక్షిణాఫ్రికా పడవగాడి పేరు అక్కడ అందరి నోటా వినబడేది. 2004లో తోటివారితో కలిసి ఆ సరస్సు నుంచి మధ్యధరా సముద్రం దాకా నైలు మీద వచ్చాడు. అటువంటివాణ్ణి 2010 డిసెంబరులో మన కాంగోలోనే, లుకుగా నదిలో, కయాక్‌లో ఉండగానే మొసలి లాక్కుపోయింది. మన కాంగో అన్నాను, చూశారా, అలవాటు పోలేదు. అందుకే పిల్లలకు చెప్పేది, జింజాలో చేసినది చూసి ఆఫ్రికాలో ప్రతి నదీ ఇంతే అనుకోకండి. నీటి గుర్రాలు, మొసళ్లు ఉండే నదులకు వేరే జాగ్రత్తలు ఉన్నాయి.

ఆ రోజుల ఫోటోల ఆల్బం తెచ్చాను, భోజనాల దగ్గర చూడవచ్చు. మొదటి పేజీలో తెల్లటి నురగ మధ్య ఆరు హెల్మెట్లు కనబడతాయి, ఎడమ నుంచి రెండోది నాది. ఆ చోట ఇప్పుడు నీళ్లు చెరువులా కదలకుండా ఉంటాయట.