ఓజా ఇళ్ల ఇత్తడి, మా హాస్టల్ పెట్టె
(ప్రసంగ పాఠం)

 

దండారి వచ్చిందంటే అందరి కళ్లూ గుస్సాడీల నెమలి ఈకల టోపీల మీదే ఉంటాయి. ఫోన్లలో ఫోటోలూ వాటివే. కానీ ఒకసారి కళ్లు మూసుకుని వినండి. ముందుగా చెవిన పడేది గజ్జెలు, గంటల చప్పుడు. ఆ గంటలు తరతరాలుగా పోతపోసింది మన ఓజాలు. అమ్మమ్మల చేతి కడియాలు, కాలి కడియాలు, ఉంగరాలు, దేవుడి ముందు పెట్టే దీపాలు కూడా వాళ్ల కొలిమిలోనివే. ఉషేగాం, కేస్లాగూడ పోతే ఇప్పటికీ ఆ పని చూడవచ్చు. బయటివాళ్లు దీన్ని డోక్రా అంటారు. 2018లో ఆదిలాబాద్ డోక్రాకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

పని ఎట్లా చేస్తారో మీలో ఎంతమందికి తెలుసు? ముందు మట్టితో లోపలి ఆకారం చేసి ఆరబెడతారు. తేనెమైనంలో గుగ్గిలం కలిపి సన్నటి దారంలా తీసి, ఆ మట్టి మీద వరుసగా చుడతారు. నగ మీద మనకు కనిపించే గీతలన్నీ ఆ దారం గీతలే. దాని మీద మళ్లీ మట్టి పూస్తారు. మొదటి పూత మెత్తగా జల్లించిన మట్టితో. కొలిమి వేడికి మైనం కరిగిపోతుంది, అది ఖాళీ చేసిన చోట ఇత్తడి నిండుతుంది. చల్లారాక మట్టిని పగలగొట్టాల్సిందే. అచ్చు ఒక్కసారికే పనికొస్తుంది. అందుకే ఒక జత కడియాలు కూడా అచ్చంగా ఒకేలా ఉండవు. ప్రదర్శనల్లో కొందరు "రెండూ సమానంగా లేవు, ధర తగ్గించు" అంటుంటారు. మనవాళ్లూ అంటారు, అదే బాధ.

మొహెంజొదారోలో దొరికిన నర్తకి కంచు బొమ్మను మీరు పాఠంలో చదివారు. అదీ మైనం పద్ధతిలో పోసినదే. ఆ పాఠం మేము ఎన్నిసార్లు చెప్పామో! ఎదురుగా ఓజా పిల్ల కూర్చుని ఉన్నా, "మీ ఇంట్లో ఎట్లా పోస్తారు, చెప్పమ్మా" అని ఒక్కసారీ అడగలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. హాస్టల్లో నగలు వద్దని నియమం. పోతాయని, పిల్లలు కొట్లాడుకుంటారని. ఐదో తరగతిలో చేరిన ఒక అమ్మాయి చేతి కడియం తీయించి, పేరు రాసి పెట్టెలో పెట్టాం. మరిచిపోయాం. ఆ పిల్ల కూడా భయపడి అడగలేదు. పదో తరగతి అయి వెళ్లేటప్పుడు పెట్టె సర్దుతుంటే దొరికింది. చేతికి ఎక్కలేదు. పోత కడియానికి సందు ఉండదు కదా, చేయి పెరిగింది. ఆ అమ్మాయి నవ్వి, "మా అమ్మ కరిగించి పెద్దది పోస్తుందిలే మేడం" అంది.

"నీకు వచ్చా?" అని అడిగాం. "మైనం దారం తీయబోతే తెగిపోతుంది మేడం" అంది. రాదు మరి. ఆ దారం పుస్తకంలో నేర్చుకునేది కాదు. అమ్మ పక్కన కూర్చుని, ఎంత వేడిలో మైనం మాట వింటుందో వేళ్లతో తెలుసుకోవాలి. ఆ వయసంతా ఆ పిల్ల మా దగ్గర ఉంది. చదువు అక్కర్లేదని మేము అనం, హాస్టల్ వార్డెన్లం అట్లా ఎట్లా అంటాం? కానీ సెలవుల్లో ఇంటికి పోయే పిల్లలకు హోంవర్కు నోటు పుస్తకాలతో సంచి నింపి పంపింది కూడా మేమే. ఇప్పుడు దసరా సెలవులకు ఓజా పిల్లలకు ఒకటే పని ఇస్తున్నాం: కొలిమి దగ్గర వాడే ప్రతి వస్తువు పేరూ ఇంట్లో అనే మాటలోనే అడిగి రాసుకుని రావాలి.

డిగ్రీ చదివే మీరు కూడా ఈ దీపావళికి ఆ ఊళ్లకు పోయి రండి. అడిగి వీడియో తీయండి. కొంటే బేరం ఆడకండి.

ఆ అమ్మాయి ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. ఈ సెలవుల్లో అమ్మ దగ్గర దారం తీయడం మొదలుపెడతానంది. తను పోసే మొదటి కడియం మాకే కావాలని ముందే చెప్పాం. వంకరగా వచ్చినా తీసుకుంటాం.