లెక్క అప్పగించవలసిన వారు



గృహనిర్వాహకుడు యజమానికి లెక్క అప్పగించవలెనని మనమందరము ఎరుగుదుము. దేశమును నిర్వహించువాడు ఎవరికి అప్పగించవలెను? ఇందుకు మన దేశములోనే పెద్ద ఉదాహరణ ఉన్నది గనుక దానినే చూతము.

1975 జూన్ 25 రాత్రి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ గారు అత్యవసర పరిస్థితి ప్రకటనపై సంతకము చేసిరి. ప్రధానమంత్రి ఇందిరాగాంధీ గారు మంత్రివర్గమునకు ఆ సంగతి తెలిపినది మరునాటి ఉదయము. సంతకము ముందు, సంప్రదింపు తరువాత! ఆ 21 నెలలలో లక్షమందికి పైగా విచారణ లేకుండ నిర్బంధింపబడిరి. నిర్బంధితుడు హెబియస్ కార్పస్ కోరరాదని 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. అయిదుగురు న్యాయమూర్తులలో కాదన్నవారు హెచ్.ఆర్. ఖన్నా గారొక్కరే. మరుసటి సంవత్సరము వారిని ప్రక్కన పెట్టి, వారికంటె జూనియరును ప్రధాన న్యాయమూర్తిని చేయగా వారు రాజీనామా ఇచ్చిరి. ఆ తీర్పు తప్పని సుప్రీంకోర్టే చెప్పుటకు 2017 వరకు పట్టినది.

1977లో ఉత్తరదేశపు ఓటర్లు లెక్క అడిగిరి. ఆంధ్రప్రదేశ్ మాత్రము 42 స్థానములలో 41 కాంగ్రెసుకే ఇచ్చెను. జనతా పక్షమున నంద్యాలలో నీలం సంజీవరెడ్డి గారొక్కరే గెలిచిరి. బలవంతపు ఆపరేషన్ల బాధ ఉత్తరమున ఉన్నంతగా ఇక్కడ లేకపోవుట ఒక కారణము కావచ్చును.

అదే సంవత్సరము మే నెలలో జస్టిస్ జె.సి. షా గారి కమిషన్ నియమింపబడెను. జూన్ 25 రాత్రి ఢిల్లీ పత్రికల ముద్రణాలయములకు విద్యుత్తు ఆపినది నోటిమాట ఆజ్ఞ మీదనే అని అక్కడ బయటపడెను. కాగితము లేనిచోట బాధ్యుని పట్టుట ఎంత కష్టమో కచేరీలలో పనిచేసిన మన సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు. 1978 జనవరిలో ఇందిరాగాంధీ గారు కమిషన్ ఎదుటికి వచ్చియు ప్రమాణము చేసి సాక్ష్యమిచ్చుటకు నిరాకరించిరి. కమిషన్ విచారించగలదే గాని శిక్షింపలేదు. 1979లో ప్రత్యేక న్యాయస్థానముల చట్టము వచ్చెను; 1980 జనవరిలో ఆమె తిరిగి గెలిచిరి, మన మెదక్ నుండియు! కేసులు అంతటితో చల్లబడెను.

అయినను శ్రమ వృథా కాలేదని మా అభిప్రాయము. 1978 నాటి 44వ రాజ్యాంగ సవరణ నిలిచియున్నది. మంత్రివర్గపు నిర్ణయము వ్రాతమూలముగా అందనిదే రాష్ట్రపతి అత్యవసర పరిస్థితి ప్రకటింపరాదు. 'అంతర్గత కల్లోలము' చాలదు, సాయుధ తిరుగుబాటు ఉండవలెను. అప్పుడు సైతము ప్రాణహక్కు కొరకు కోర్టుకెక్కు దారి మూయరాదు. లోక్‌సభ సభ్యులలో పదవవంతు వ్రాసియిచ్చిన యెడల, ప్రకటనను త్రోసిపుచ్చు విషయమై 14 దినములలో ప్రత్యేక సమావేశము జరుపవలెను. ఈ సంగతి మన లోక్‌సభ సభ్యునికి తెలియునో లేదో, ఓటుకు వచ్చినప్పుడు మనము అడుగవచ్చును.