అవసరానికి అందే సరుకు: జస్ట్ ఇన్ టైమ్ ఉత్పత్తి చరిత్ర

ఏ విడిభాగం ఎప్పుడు, ఎన్ని కావాలో అప్పుడే, అన్నే తయారై లైను దగ్గరికి చేరడమే జస్ట్ ఇన్ టైమ్ పద్ధతి. టొయోటా మోటార్ స్థాపకుడు కిచిరో టొయోడా 1938లో జపాన్‌లోని కొరోమోలో కొత్త కర్మాగారం తెరిచినప్పుడే ఈ నియమం పెట్టారు. యుద్ధం ముంచుకొచ్చి ఆ ప్రయత్నం మూలపడింది.

దానికి పునాది అంతకుముందే మరోచోట పడింది. ఆయన తండ్రి సకిచి టొయోడా 1924లో పూర్తిచేసిన మగ్గం నూలు తెగగానే తనంతట తాను ఆగిపోయేది. తప్పు కనిపించగానే పని ఆపేయాలన్న సూత్రం అక్కడిదే. ఇది లేకుండా నిల్వ తగ్గించడం ఒట్టి సాహసం.

యుద్ధానంతరం ఆర్థిక మాంద్యంలో టొయోటా దివాలా అంచుకు వెళ్లింది. 1950 సమ్మె తర్వాత పెద్ద సంఖ్యలో కార్మికులు ఉద్యోగాలు వదిలారు. కిచిరో రాజీనామా చేశారు. అమ్ముడుపోని సరుకు చేసి పెట్టుకుంటే ఏమవుతుందో సంస్థకు అనుభవంలోకి వచ్చింది.

పద్ధతికి రూపం ఇచ్చినవారు మెషీన్ షాపు బాధ్యతలు చూసిన తాయిచి ఓనో. అమెరికా సూపర్‌మార్కెట్లలో కొనుగోలుదారు తీసుకున్నంత మేరకే అర మళ్లీ నిండుతుంది. ఓనో దీన్ని కర్మాగారానికి అన్వయించారు. వెనుక విభాగం తనకు తోచినంత చేసి ముందుకు తోసే అలవాటు పోయి, ముందు విభాగమే వచ్చి కావలసినంత తీసుకెళ్లడం మొదలైంది. తీసుకెళ్లిన ప్రతి పెట్టెకూ ఒక చీటీ వెనక్కి వెళ్తుంది. అదే కాన్‌బాన్. భాగం పేరు, సంఖ్య, ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నవి దానిమీద ఉంటాయి. చీటీ రాకపోతే యంత్రం ఖాళీగా ఉన్నా సరే, పని మొదలుపెట్టకూడదు. యంత్రం ఊరికే ఉండటం నేరమని నమ్మిన మేనేజర్లకు ఇది మింగుడుపడలేదు. పద్ధతి టొయోటా అంతటా పాకడానికి పదేళ్ల పైనే పట్టింది.

అసలు చిక్కు రేకును అచ్చుతో నొక్కి భాగాలు చేసే ప్రెస్సుల దగ్గర. అచ్చు మార్చడానికి గంటలు పడితే, ఒక్కసారి బిగించాక వేల భాగాలు కొట్టి పడేయడమే లాభమనిపిస్తుంది. 1969లో టొయోటా ప్రధాన ప్లాంటులోని వెయ్యి టన్నుల ప్రెస్సుకు అచ్చు మార్పు నాలుగు గంటలు పట్టేది. ఇంజనీరు షిగెయో షింగో సాయంతో అది మొదట 90 నిమిషాలకు, తర్వాత 3 నిమిషాలకు దిగింది. ఇందులో మాయ లేదు. యంత్రం నడుస్తుండగానే చేయగల పనులన్నీ ముందే ముగించి, ఆపాక చేయక తప్పని పనులనే మిగిల్చారు. దీంతో చిన్న మొత్తాల్లో తయారీ గిట్టుబాటైంది.

1973 చమురు సంక్షోభాన్ని టొయోటా ఇతరులకన్నా మెరుగ్గా తట్టుకోవడంతో అందరి చూపూ అటు మళ్లింది. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ మూసేసిన ప్లాంటు 1984లో టొయోటా భాగస్వామ్యంతో తెరుచుకుంది. చాలావరకు పాత కార్మికులే, పాత యూనియనే. తప్పు కనిపిస్తే తాడు లాగి లైను ఆపే అధికారం మాత్రం కొత్తది. నాణ్యత బాగుపడింది. జనరల్ మోటార్స్ తక్కిన ప్లాంట్లకు మాత్రం ఆ మార్పు త్వరగా రాలేదు. చాలా సంస్థలు గోదాము ఖాళీ చేయడమే పద్ధతి అనుకుని, నిల్వ భారాన్ని సప్లయర్ల నెత్తిన పెట్టాయి. ఖర్చు తగ్గలేదు, చోటు మారింది.

భారత్‌లో 1983లో ఉత్పత్తి మొదలుపెట్టిన మారుతి, భాగాలు వేళకు అందేలా గుర్గావ్ చుట్టుపక్కల సప్లయర్లను పెంచింది. 2019లో కార్ల తయారీ ప్రారంభించిన పెనుకొండ కియా ప్లాంటు వెంట కొరియా విడిభాగాల సంస్థలూ వచ్చాయి. దూరం నుంచి వచ్చే లారీ పరిస్థితి వేరు. 2017లో జీఎస్టీ వచ్చి రాష్ట్ర సరిహద్దు పన్ను చెక్‌పోస్టులు ఎత్తేసేదాకా అది ఏ గంటకు చేరుతుందో చెప్పడం కష్టంగా ఉండేది.

పద్ధతి బలహీనత 1997 ఫిబ్రవరిలో బయటపడింది. టొయోటా సప్లయరు ఐసిన్‌కు జపాన్‌లోని కరియాలో ఉన్న ప్లాంటులో మంటలు రేగి బ్రేకు వాల్వుల సరఫరా ఆగింది. జపాన్‌లోని టొయోటా ప్లాంట్లు దాదాపు అన్నీ నిలిచిపోయాయి. ఇతర సప్లయర్లు తమ యంత్రాలపై ఆ వాల్వులు చేసిచ్చి, వారం రోజుల్లోనే ఉత్పత్తిని గాడిలో పెట్టారు. 2011 జపాన్ భూకంపం తర్వాత, త్వరగా దొరకని చిప్‌లను నెలల తరబడి నిల్వ ఉంచమని టొయోటాయే సప్లయర్లను కోరింది. 2021 ఆరంభంలో చిప్‌ల కొరతతో పోటీదారుల లైన్లు ఆగుతుంటే, ఆ నిల్వ టొయోటాను కొన్ని నెలలు కాపాడింది. అదే ఏడాది సెప్టెంబరు ఉత్పత్తిలో మాత్రం అదీ 40 శాతం కోత ప్రకటించింది.