దరఖాస్తు రాయకుండా తిరిగి రావొద్దు



హాస్టల్ వార్డెన్‌కు బ్యాంకు ముచ్చట్లెందుకని అనుకోకండి. ఫలక్‌నుమాలో మా హాస్టల్‌కు బిడ్డను చూడవచ్చే ఒక తల్లిది ఉట్నూరు వైపు ఊరు. వచ్చినప్పుడల్లా ఇప్పపువ్వు లడ్డూలు తెస్తుంది. గ్రైండర్, ప్యాకింగ్ మిషన్ కొందామని పోయినేడు లోన్‌కు వెళ్లింది. "పూచీకి భూమి కాగితాలున్నాయా?" అన్నారట. పట్టా మామగారి పేరున ఉంది. దరఖాస్తైనా రాయకుండా తిరిగొచ్చింది. వెళ్లేముందు నన్నే అడిగింది, నాకేం తెలుసని చెప్పను?

తర్వాత కూర్చుని చదివాను. వాణిజ్య బ్యాంకులు తమ అప్పుల్లో 40 శాతం ప్రాధాన్యతా రంగానికివ్వాలని రిజర్వు బ్యాంకు నియమం. వ్యవసాయం, ఫుడ్ ప్రాసెసింగ్, చిన్న పరిశ్రమలు అందులోవే. చిన్న యూనిట్‌కు 10 లక్షల లోపు అప్పుకు ఆస్తి తాకట్టు అడగకూడదు. 2020లో వచ్చిన పీఎంఎఫ్‌ఎంఈ పథకంలో 35 శాతం సబ్సిడీ. నాలుగు లక్షల యూనిట్‌కు లక్షా నలభై వేలు. అది చేతికి రాదు, లోన్‌లోనే సర్దుతారు. మన వాటా పది శాతం, నలభై వేలు.

అన్నిటికన్నా నన్ను ఆపేసిన మాట ఇంకోటి. ఎస్సీ, ఎస్టీల దరఖాస్తును బ్రాంచిలోనే కాదనకూడదట. పై అధికారి చూడాలి, కారణం రాసివ్వాలి. కానీ దరఖాస్తే లేకపోతే కారణం ఎవరు రాస్తారు?

వచ్చే వారం సెలవు పెట్టి ఆమెతో వెళ్తున్నాను. రసీదు చేతికిచ్చేదాకా అక్కడే కూర్చుంటాం.